వెలుగునీడల వేత్త – ఫ్రెడీ ఫ్రాన్సిస్



చలనచిత్రము చూచి యింటికి మరలునప్పుడు మనము ముచ్చటించుకొను మాటలెవ్వి? కథానాయిక కట్టిన చీర, ఆమె కన్నీరు పెట్టిన ఘట్టము, పాటలు, హాస్యగాని చేష్టలు. కొందఱు దర్శకుని పేరు కూడ తలతురు. కాని ఆ కన్నీటిబొట్టు మన కంటికి ముత్యమువలె తోచుటకు ఏ దీపము నెచ్చట నుంచిరో, ఉంచినవాడెవ్వడో యడుగువారు మిక్కిలి యరుదు. ఆ పనివానికి ఛాయాగ్రాహకుడని పేరు.

సంధ్యవేళ దీపము వెలిగించుట మనకు నిత్యకృత్యము. దీపమును ముందునకు జరిపినచో ఎదుటనున్నవారి ముఖము విప్పారును. వెనుకకు జరిపినచో గోడమీద నీడ పెరిగి పసివాడు జడిసి కేక వేయును. దీపమొక్కటే, గది యొక్కటే, మనుష్యులును వారే. దీపమున్న తావు మాఱగానే మనసులోని భావము మాఱినది. ఛాయాగ్రాహకుని విద్య కంతటికి మూలమిదియే.

ఈ నెల మనము చెప్పుకొనబోవునది ఇంగ్లండు దేశపు ఛాయాగ్రాహకుడైన ఫ్రెడీ ఫ్రాన్సిస్ చరిత్రము. అమెరికాలోని చలనచిత్ర అకాడమీవారిచ్చు ఆస్కారు బహుమానమును ఈతడు రెండుమార్లు పొందెను. మొదటిది 1960వ సంవత్సరపు చిత్రమునకు, రెండవది 1989వ సంవత్సరపు చిత్రమునకు. నడుమ 29 ఏండ్ల యెడము. ఆ కాలములో పెద్దపాలు ఈతడు తన కెమెరా పనిని విడిచి, దయ్యములు, రక్తపిశాచములు, కపాలములు కథావస్తువుగాగల చిత్రములకు దర్శకత్వము వహించుచు గడిపెను. అందఱు మెచ్చిన పనివాడు తన విద్యను విడిచి యటు పోనేల? పోయినవాడు మఱల నెట్లు వచ్చెను? వచ్చినప్పుడు వట్టి చేతులతో వచ్చెనా, వెంట నేమైన తెచ్చెనా? ఈ ప్రశ్నలే యీతని జీవితమును మనకు చదువదగినదిగా చేయుచున్నవి.

పనివాని మెట్లు

ఫ్రెడీ 1917వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన లండను నగరమందలి ఇస్లింగ్టనులో జన్మించెను. ఇంజనీరు కావలెనని యాతని మొదటి కోరిక. బడిలో నుండగా రాబోవు కాలపు చలనచిత్రములనుగూర్చి యొక వ్యాసము వ్రాసెను. దానికి మెచ్చి విద్యార్థివేతనమిచ్చి పాలిటెక్నిక్కులో చేర్చుకొనిరి. కాని యాతని మనసు అచ్చట నిలువలేదు. 16వ యేట చదువు మాని యొక ఫోటోగ్రాఫరు వద్ద శిష్యుడుగా చేరెను. ఆ గురువునకు స్టూడియోలో ఫోటోలు తీయు పని తగిలినది. వెంటపోయిన కుఱ్ఱవానికి చిత్రసీమ ద్వారము తెఱచుకొన్నది.

ఆనాటి ఇంగ్లండు స్టూడియోలలో కెమెరా శాఖయందు మెట్లు స్పష్టముగా నుండెడివి. అన్నిటికంటె క్రింది మెట్టు క్లాపరు బాలునిది. ప్రతి దృశ్యమునకు ముందు అంకె వ్రాసిన పలకను పట్టుకొని చప్పుడు చేయుట యాతని పని. తరువాత ఫిల్మును చీకటిలో పెట్టెలకు నింపువాడు. ఆపైన, నటులు కదలుచున్నపుడు లెన్సును త్రిప్పుచు ముఖము మసకబాఱకుండ కాచువాడు. ఆపైన కెమెరాను స్వయముగా నడపు ఆపరేటరు. వీరందఱికి పైన ఛాయాగ్రాహకుడు. ఆతడు కెమెరాను చేతితో ముట్టకపోయినను ముట్టకపోవచ్చును. ఏ దీపమెచ్చట నుండవలెను, ఏ మూల చీకటిగా నుండవలెనను నిర్ణయము మాత్ర మాతనిదే.

ఫ్రెడీ యీ మెట్లలో నొక్కటియు దాటివేయలేదు. 1936 ప్రాంతమున పలక పట్టెను, ఫిల్ము నింపెను, లెన్సు త్రిప్పెను. 1939లో యుద్ధము వచ్చుటతో సైన్యమున చేరి యేడేండ్లు గడిపెను. అచ్చటను వెంబ్లీలోని సైనిక చలనచిత్రశాఖయందు సిపాయీలకు పాఠములు చెప్పు చిత్రములకు పని చేయుచు, చేతి విద్యకు తుప్పు పట్టనీయలేదు. యుద్ధానంతరము పదేండ్లు ఆపరేటరుగా నుండెను. మైకేల్ పవెల్, ప్రెస్‌బర్గరు అను జంట దర్శకుల క్రిందను, అమెరికను దర్శకుడైన జాన్ హ్యూస్టను క్రిందను పనిచేసి, వారి చిత్రములలో రంగుల వైభవమును దగ్గఱనుండి చూచెను. హ్యూస్టను తీసిన 'మూలాన్ రూజ్' (1952) కెమెరాను నడపినవాడీతడే. తిమింగిలపు కథయైన 'మోబీ డిక్' (1956)లో రెండవ దళపు చిత్రణము నీతనికే యప్పగించిరి.

1956లో 'ఎ హిల్ ఇన్ కొరియా' అను చిత్రమునకు ఛాయాగ్రాహకుడని యాతని పేరు మొట్టమొదట తెరమీద పడినది. అప్పటి కాతనికి 38 ఏండ్లు. స్టూడియోలో కాలుమోపి యిరువదేండ్లయ్యెను. కొత్తకోడలు అత్తగారి చేతివాటము చూచి చూచి వంట నేర్చునని మన పెద్దలందురు. ఇరువదేండ్లు పెద్దల చేతివాటము చూచినవానికి, గరిటె తన చేతికి వచ్చిననాడు తడబాటుండదు గదా!

నాలుగేండ్ల వెలుగు

తరువాత జరిగినది వేగముగా జరిగినది. 1959లో జాక్ క్లేటన్ దర్శకత్వమున 'రూమ్ ఎట్ ది టాప్' వెలువడెను. డబ్బుగల యింటి పిల్లను పెండ్లాడి పైకి ప్రాకవలెనను ఆశతో, తన్ను ప్రేమించిన స్త్రీని బలిపెట్టిన యువకుని కథ యది. ఆ బలియైన స్త్రీ వేషము ధరించిన సిమోన్ సిన్యోరేకు ఉత్తమనటి యను ఆస్కారు వచ్చెను. మఱుసటి యేడు కార్ల్ రైజ్ దర్శకత్వమున 'సాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్' వచ్చెను. నాటింగ్‌హాం పట్టణమున యంత్రశాలలో పనిచేయు పడుచువాని కథ. అంతవఱకు ఇంగ్లండు చిత్రములలో పనివారి యిండ్లు తెరమీద కనబడినను చాలవఱకు స్టూడియోలో కట్టిన బొమ్మరిండ్లవలె నుండెడివి. ఈ చిత్రములలో పొగచూరిన ఇటుకగోడలు, ఇఱుకు వీథులు, యంత్రశాల రొద నున్నవి యున్నట్లు కానవచ్చెను. దానికి తగిన బూడిద వెలుగును పట్టియిచ్చినవాడు ఫ్రాన్సిస్.

ఆ యేటనే, అనగా 1960లో, 'సన్స్ అండ్ లవర్స్' వచ్చెను. డి. హెచ్. లారెన్సు 1913లో ప్రకటించిన నవల దీనికి మూలము. ఇది మన సోదరీమణుల మనసునకు దగ్గఱగా వచ్చు కథ. భర్త బొగ్గుగనిలో పనివాడు, త్రాగుబోతు. భార్య చదువు సంస్కారము గలది. భర్తతో పొసగక, తన యాశలన్నియు కొడుకుమీద నిలుపుకొన్నది. ఆ కొడుకు చిత్రకారుడు కావలెను, గనిలోనికి దిగరాదు. ఆమె త్యాగము నిజము, ప్రేమయు నిజము. ఐనను ఆ ప్రేమ కొడుకునకు సంకెలయైనది. ఏ పిల్లకును తన మన సిచ్చుటకు శక్తిలేనివాడయ్యెను. తప్పెవరిదో తేల్చి చెప్పుట యెవరితరము? తల్లి వేషమును వెండీ హిల్లర్ ధరించెను.

ఈ చిత్రపు దర్శకుడు జాక్ కార్డిఫ్. ఆతడును మొదట ఛాయాగ్రాహకుడే, ఆస్కారు పొందినవాడే. తన విద్యలో నిపుణుడైనవాడు మఱియొక నిపుణుని పనిలో వ్రేలు పెట్టక యుండుట యెంత కష్టమో మన వంటయిండ్లలో నందఱకు తెలియును. ఫలితము మాత్రము మంచిదయ్యెను. చిత్రము 7 విషయములలో ఆస్కారు పరిశీలనకు నిలిచి, ఒక్క బహుమానము పొందెను. ఆ యొక్కటి ఫ్రాన్సిస్‌కు, నలుపు తెలుపు ఛాయాగ్రహణమునకు వచ్చినది.

చీకటిని చేయు విద్య

1961లో వచ్చిన 'ది ఇన్నొసెంట్స్' యీతని విద్యకు శిఖరమని పలువురు విమర్శకుల యభిప్రాయము. దర్శకుడు మఱల జాక్ క్లేటన్. హెన్రీ జేమ్సు వ్రాసిన దయ్యపు కథ దీనికి మూలము. తల్లిదండ్రులు లేని అన్నాచెల్లెండ్ర నిరువురను సాకుటకు ఒక యువతి పల్లెలోని పెద్ద భవనమునకు వచ్చును. చనిపోయిన యిద్దఱు సేవకుల రూపము లామెకు కానవచ్చును. అవి నిజముగా దయ్యములా, లేక ఒంటరితనమున నలిగిన యామె మనసు కల్పించిన భ్రమలా? చిత్రము తుదివఱకు తేల్చి చెప్పదు. ఆమె పిల్లలను కాపాడుచున్నదా, తన భయమునకు వారిని బలిచేయుచున్నదా యను శంక చూచువారిని పీడించుచునే యుండును. డెబొరా కెర్ర్ ఆ యువతి వేషమును ధరించెను.

ఇట్టి కథను చిత్రించుట కొక చిక్కు వచ్చిపడెను. నిర్మాణసంస్థవారు ఈ చిత్రమును మిక్కిలి వెడల్పైన సినిమాస్కోపు తెరకే తీయవలెనని పట్టుబట్టిరి. యుద్ధములకు, ఊరేగింపులకు ఆ వెడల్పు చక్కగా నొప్పును. ఒక్క స్త్రీ మనసులోని భయమునకు అంత వెడల్పేల? ఫ్రాన్సిస్ దానికి చేసిన యుపాయమును వినుడు. గాజుపలకల అంచులకు స్వయముగా రంగు పూసి లెన్సు ముందుంచెను. దానితో తెర నడుమ వెలుగు నిలిచి, రెండు ప్రక్కలును క్రమముగా చీకటిలో కలిసిపోయెను. ఇప్పుడా వెడల్పే భయమునకు సాధనమయ్యెను. నడుమ దీపము పట్టుకొని నిలిచిన స్త్రీ, ఇరుప్రక్కల ఏమున్నదో తెలియని చీకటి!

ఆమె చేతిలోని కొవ్వొత్తిలోను కిటుకున్నది. సామాన్యమైన కొవ్వొత్తి వెలుగు కెమెరాకు చాలదు. కావున నాలుగైదు వత్తులు పెనవేసి ప్రత్యేకముగా కొవ్వొత్తులు చేయించిరి. దగ్గఱి వస్తువు, దూరపు వస్తువు రెండును స్పష్టముగా కనబడవలెనన్న లెన్సు రంధ్రమును మిక్కిలి చిన్నది చేయవలెను. చిన్నది చేసినకొలది దీపముల కాంతి హెచ్చవలెను. ఆ దీపముల ధాటికి తాళలేక డెబొరా కెర్ర్ విరామసమయములలో నల్లకంటద్దములు పెట్టుకొనెడిదట. చూచువారికి అంధకారమనిపించిన దృశ్యము, నటించువారికి కన్నులు మిఱుమిట్లుగొలుపు వెలుగు! తెరమీది చీకటి దానంతటది వచ్చునది కాదు, పనివాడు చెమటోడ్చి చేయునది.

మఱియొక మార్గము

అట్టి కీర్తి శిఖరముననుండి 1962లో ఫ్రాన్సిస్ దర్శకత్వమునకు మాఱెను. దర్శకుడు కావలెనను కోరిక యాతనికి గలదు. ఛాయాగ్రాహకుడెంత గొప్పవాడైనను ఒకరి కథకు, ఒకరి యాజ్ఞకు లోబడవలసినవాడు. చిత్రమంతయు నాది యని చెప్పుకొను హక్కు దర్శకునిదే. ఆ హక్కును కోరుట తప్పు కాదు. మొదటి చిత్రమైన 'టూ అండ్ టూ మేక్ సిక్స్' భయానకము కాదు, సామాన్యమైన ప్రేమకథ. ఆ తరువాత పిలిచినవారు హామరు సంస్థవారు.

హామరు సంస్థ 1934లో స్థాపింపబడినది. 1957లో ఫ్రాంకెన్‌స్టైను కథను, 1958లో డ్రాక్యులా కథను రంగులలో తీసి లోకమెల్ల పేరొందినది. తక్కువ సొమ్ముతో, తక్కువ దినములలో, వాడిన రంగస్థలములనే మార్చి మార్చి వాడుచు చిత్రములు పూర్తిచేయుట వారి పద్ధతి. విదేశములనుండి ఇంగ్లండునకు తెచ్చిన ధనమునకుగాను 1968లో రాణీగారి పరిశ్రమ పురస్కారము కూడ వారికి లభించెను. ఈ సంస్థకు ఫ్రాన్సిస్ 'పారనోయాక్' (1963), 'నైట్‌మేర్' (1964), 'ది ఈవిల్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' (1964), 'డ్రాక్యులా హాజ్ రిసెన్ ఫ్రమ్ ది గ్రేవ్' (1968) మున్నగువానిని తీసెను. అమికస్ అను మఱియొక సంస్థ యుండెను. సుబోట్‌స్కీ, రోజెన్‌బర్గు అను ఇద్దఱు అమెరికనులు దాని యధిపతులు. వారికి 'డాక్టర్ టెర్రర్స్ హౌస్ ఆఫ్ హారర్స్' (1965), 'ది స్కల్' (1965), 'టార్చర్ గార్డెన్' (1967), 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' (1972) తీసియిచ్చెను.

అమికస్‌వారి చిత్రములలో తఱచు ఒక కథలో నాలుగైదు చిన్నకథ లిమిడియుండును. మన కాశీమజిలీ కథల పోలిక నూహించుకొనుడు. 'డాక్టర్ టెర్రర్'లో ఐదుగురు ప్రయాణికులు రైలు పెట్టెలో నెక్కుదురు. ఆఱవవాడొక వింత ముసలివాడు, చీట్లు పరచి వారి భవిష్యత్తు చెప్పుచుండును. ఒక్కొక్కని జోస్య మొక్కొక్క కథ. 'ది స్కల్'లో కపాలముయొక్క కంటిగుంటలగుండ మనము గదిని చూచుచున్నట్లు కెమెరాను నడపెను. దర్శకుడైనను ఛాయాగ్రాహకుని బుద్ధి యెక్కడికి పోవును?

మఱియొక విశేషము. 1968నాటి డ్రాక్యులా చిత్రమునకు ఛాయాగ్రాహకుడు ఆర్థర్ గ్రాంట్. 'ది ఇన్నొసెంట్స్' కొఱకు తాను చేసికొన్న ఆ యంచు రంగుల గాజుపలకలను ఫ్రాన్సిస్ అతనికిచ్చెను. డ్రాక్యులా వచ్చునప్పుడు తెర యంచులు వింత రంగుతో కప్పబడుట వానివలననే. ఒకనాడు సూక్ష్మమైన మనోవ్యధకు వాడిన సాధనము, ఏడేండ్ల తరువాత రక్తపిశాచమునకు అలంకారమయ్యెను. ఆ గాజుపలకల కథలో ఫ్రాన్సిస్ కథ కొంత యిమిడియున్నది.

భయానకము, బీభత్సము

భయము గొలుపు చిత్రము లన్నియు నీచములని మన మనరాదు. భరతముని భయానకమును రసములలో నొకటిగా పరిగణించెను. ఐతే బీభత్సమును వేఱుగా చెప్పెను. మొదటిదానికి మూలము భయము, రెండవదానికి జుగుప్స. తలుపు వెనుక నేమున్నదోయని గుండె కొట్టుకొనుట భయానకము. తలుపు తెఱచి నెత్తురు చూపుట బీభత్సము. మొదటిదానికి నేర్పు కావలెను, రెండవదానికి ఎఱ్ఱరంగు చాలును. ఫ్రాన్సిస్ తీసిన చిత్రములలో రెండు రకములును గలవు. మంచి కథ దొరికినప్పుడు మొదటిదియు, దొరకనప్పుడు రెండవదియు నని చెప్పిన న్యాయముగా నుండును.

మంచివానిలో నొకటి 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' లోని ముసలివాని కథ. పీటర్ కుషింగ్ అను నటుడు భార్య చనిపోయిన పేదవాని వేషము వేసెను. కుక్కలను పెంచుకొనుచు, వీథిలోని పిల్లలకు బొమ్మలిచ్చుచు బ్రతుకు నిరపరాధిని ధనికులైన పొరుగువారు క్రమముగా హింసించి ప్రాణము తీసికొనునట్లు చేయుదురు. కుషింగు భార్య 1971లో నిజముగనే మరణించియుండెను. ఆ దుఃఖము తెరమీద వేషమునకు మించి కానవచ్చును. అచ్చట భయము గొలుపునది దయ్యము కాదు, పొరుగువాని క్రౌర్యము.

ఐనను లోక మొక ముద్ర వేయుటకు ఆలస్యము చేయదు. వేసిన ముద్ర చెఱుపుటకు మాత్రము ఏండ్లు పట్టును. ఒక చిత్రము చక్కగా నడచుటతో మఱియొకటి యదే తీరున నడిగిరి. ఫ్రాన్సిస్‌నకు భయానకచిత్రముల దర్శకుడని పేరు స్థిరపడెను. ఇతర కథ లిచ్చువారు కరవైరి. భయానకచిత్రములు తన్ను ప్రేమించినంతగా తాను వానిని ప్రేమింపలేదను భావము నాతడు వెలిబుచ్చియుండెను. దర్శకత్వమునందు మాత్రము తన కిష్టము తగ్గలేదనెను. ఇది పలువురి బ్రతుకులలో జరుగు సంగతియే. పచ్చళ్లు బాగుగా పెట్టునని పేరుపడిన యిల్లాలికి వీణ వచ్చునను మాట చుట్టములు మఱచిపోవుదురు. ఆమెయు కొన్నాళ్లకు మఱచిపోవును. విద్య చచ్చిపోవుట కాదుగాని, అడుగువారు లేక మూలకూర్చుండును.

1964 తరువాత సుమారు 16 ఏండ్లు ఈతడు ఛాయాగ్రాహకుడుగా పని చేయలేదు. చిత్రముల నాణ్యమును దిగజాఱుచు వచ్చెను. 1970లో తీసిన 'ట్రాగ్'లో, ఒకప్పటి మహానటి జోన్ క్రాఫర్డ్ గుహలో దొరికిన ఆదిమానవుని మచ్చిక చేయు శాస్త్రజ్ఞురాలి వేషము వేసెను. ఆమె నటించిన కడపటి చలనచిత్ర మదియే. 1975లో ఫ్రాన్సిస్ తన కుమారుడు కెవిన్ స్థాపించిన టైబర్న్ సంస్థకు రెండు చిత్రములు తీసెను. అప్పటికే ఆ తరహా చిత్రములకు గిరాకి తగ్గి, హామరు సంస్థయే చిక్కులలో పడుచుండెను. ఫ్రాన్సిస్‌నకు అరువదవయేడు సమీపించెను.

మరలివచ్చుట

ఆ సమయమున డేవిడ్ లించ్ అను అమెరికను యువకుడు ఇంగ్లండునకు వచ్చి, ఛాయాగ్రాహకుడుగా పనిచేయుమని ఫ్రాన్సిస్‌ను కోరెను. లించ్ అప్పటికి ఒక్క పెద్దచిత్రమే తీసినవాడు. కోరినవాడు కొడుకు వయసువాడు. ఇచ్చునది దర్శకుని పీఠమా? కాదు, ఏనాడో దిగివచ్చిన పాత పని. పైగా అందఱు రంగులలో తీయుచున్న కాలమున నలుపు తెలుపు చిత్రము. అహంకారి యైనచో నిరాకరించి యుండును. ఫ్రాన్సిస్ అంగీకరించెను. అదియే 1980లో వెలువడిన 'ది ఎలిఫెంట్ మ్యాన్'.

ఇది జరిగిన కథ. 1862లో లెస్టరు పట్టణమున పుట్టిన జోసెఫ్ మెరిక్ అనువానికి వింతరోగముచే తల, దేహము వికృతముగా పెరిగెను. ఏనుగుమనిషి యని పేరుపెట్టి యాతనిని సంతలలో ప్రదర్శించిరి. ఫ్రెడరిక్ ట్రీవ్స్ అను వైద్యుడు లండను ఆసుపత్రిలో నాతనికి ఆశ్రయ మిప్పించెను. 1890లో, 27వ యేట నచ్చటనే మరణించెను. చిత్రమున నాతని పేరు జాన్ అని మార్చిరి. జాన్ హర్ట్ ఆ వేషము ధరింపగా, ఆంథొనీ హాప్కిన్స్ వైద్యుడుగా నటించెను.

ఈ చిత్రపు మొదటి భాగమున మెరిక్ ముఖము మనకు స్పష్టముగా చూపరు. ముసుగు, నీడ, గోడమీది యాకారము, చూచినవారి కన్నులలోని దిగ్భ్రమ, ఇవియే కనబడును. భయానకచిత్రములలో రాక్షసుని దాచి దాచి చూపు పద్ధతి యిదియే కదా! మనమును సంతలో టిక్కెట్టు కొన్నవారివలె, ఎప్పుడు చూపుదురా యని యెదురు చూతుము. చూపిన తరువాత కొలది నిమిషములకే భయము కరగిపోవును. ఆ ముఖము వెనుక మృదువైన మాట, మర్యాద, తల్లి ఫోటోను భద్రముగా దాచుకొన్న మనసు కనబడును. వైద్యుని యింటికి తేనీటికి పిలిచినప్పుడు ఆయన భార్య చేయి చాచి పలుకరింపగా, సుందరియైన స్త్రీ తనతో నింత దయగా మాటలాడుట యలవాటు లేదని మెరిక్ కన్నీరు పెట్టుకొనును. ఆ ఘట్టము చూచి కంట తడి పెట్టనివారరుదు. మన వెఱపుచూచి మనమే సిగ్గుపడుదుము.

భయమునుండి కరుణకు చూచువారిని చేయిపట్టి నడిపించుటకు భయము నడక తెలిసినవాడు కావలెను. ఫ్రాన్సిస్ దానిని ఏండ్లకొలది చిన్న చిత్రములలో, చాలీచాలని సొమ్ముతో అభ్యసించియుండెను. కథను నడపినది లించ్. నీడను ఎంతవఱకు నుంచవలెనో, ఎప్పుడు తొలగింపవలెనో తెలిసిన చేయి ఫ్రాన్సిస్‌ది. వృథాయైనవని లోకమనుకొన్న సంవత్సరములే ఈ చిత్రమునకు మూలధనమైనవి. చిత్రము 8 విషయములలో ఆస్కారు పరిశీలనకు నిలిచినది, ఒక్కటియు రాలేదు. కాని ఫ్రాన్సిస్ తన స్థానమునకు మఱల వచ్చినాడని యందఱకు తెలిసినది.

తరువాతి సంగతులు సంతోషకరములు. 1981లో పూర్వపు మిత్రుడు కార్ల్ రైజ్ 'ది ఫ్రెంచ్ లెఫ్టినెంట్స్ వుమన్'కు పిలిచెను. నల్లని దుప్పటి కప్పుకొని, అలలు కొట్టుచున్న రాతికట్ట చివర నిలిచిన మెరిల్ స్ట్రీప్ రూపము ఆ చిత్రము చూచినవారు మఱువలేరు. 1984లో లించ్ తీసిన 'డ్యూన్'కు పనిచేసెను. 1989లో 'గ్లోరీ' వెలువడెను. అమెరికా అంతర్యుద్ధమున నల్లజాతి సిపాయీలతో కూడిన 54వ మసాచుసెట్సు పటాలము, 1863 జూలైలో వాగ్నర్ కోటపై చేసిన ముట్టడి దాని కథ. వేతనములో తక్కువచేసి, పాదరక్షలైనను సరిగా నీయక అవమానించిన దేశము కొఱకు ఆ సిపాయీలు ప్రాణములిచ్చిరి. మునిమాపువేళ సముద్రపుటొడ్డున నిలిచిన వారి ముఖములను, తరువాతి రాత్రి పోరాటమున మెఱయు మంటలను ఫ్రాన్సిస్ చిత్రించినాడు. దానికి రెండవ ఆస్కారు వచ్చెను. 1990లో దానిని గైకొనునాటి కాతని వయసు 72.

అంతటితో నాగలేదు. 1991లో మార్టిన్ స్కోర్సేసీ తీసిన 'కేప్ ఫియర్'కు వెలుగు కూర్చెను. అదియు వెఱపుకథయే. ఇక పెద్దచిత్రములలో నాతని కడపటి పని 1999లోని 'ది స్ట్రెయిట్ స్టోరీ', దర్శకుడు మఱల లించ్. ఆల్విన్ స్ట్రెయిట్ అను 73 ఏండ్ల ముదుసలి, జబ్బుపడిన అన్నను చూచుటకు, కారు నడపలేని స్థితిలో గడ్డికోయు యంత్రమునెక్కి 240 మైళ్లు ప్రయాణము చేసెను. 1994లో నిజముగా జరిగినది. అన్నదమ్ములకు మాటలు లేక యేండ్లయినవి. బండి గంటకు నాలుగైదు మైళ్లే నడచును. ఆ నడకకు తగినట్లు పండిన చేలు, సాయంకాలపు టెండ, నక్షత్రములు తెరమీద నెమ్మదిగా సాగిపోవును. దానిని చిత్రించునాటికి ఫ్రాన్సిస్ ఎనుబది దాటినవాడు. చీకటిని పూయుటలో నేర్పరియని పేరొందిన చేయి, తుదకు ఆరుబయటి వెలుగును ఉన్నదున్నట్లు విడిచిపెట్టినది.

ఆతని భార్య పమేలా మాన్‌ను కూడ నొకమాట తలచుకొందము. ఆమె చిత్రరంగమున కంటిన్యుటీ పని చేసినది. చిత్రమును వరుసగా తీయరు. ఇంటిలోనికి వచ్చు దృశ్యము నేడు, గుమ్మము దాటు దృశ్యము నెల తరువాత తీయుదురు. నాడు కొంగు ఏ భుజముమీద నున్నదో, దీపమెంత కాలినదో వ్రాసి యుంచి, తేడా రాకుండ కాచుట యామె వంతు. తప్పు జరిగినచో అందఱు చూతురు, జరుగనిచో ఆ పని యున్నదనియే యెవరు నెఱుగరు. ఇంటిని నడపు స్త్రీలకు ఈ పని గుణము వివరింపనక్కఱలేదు.

2007 మార్చి 17వ తేదీన, 89వ యేట, ఫ్రెడీ ఫ్రాన్సిస్ ఇంగ్లండులో మరణించెను.

ఈతని చిత్రములను చూడదలచిన సోదరీమణులకు ఒక సూచన. పిల్లలతో కలిసి చూచుటకు 'ది స్ట్రెయిట్ స్టోరీ' నిరభ్యంతరము. ఎదిగిన పిల్లలకు 'ది ఎలిఫెంట్ మ్యాన్' చూపి, వికలాంగులను చూచి నవ్వరాదని వేఱుగా చెప్పనక్కఱలేదు. 'సన్స్ అండ్ లవర్స్'ను తల్లులు తీరికగా చూచి యాలోచించుకొనదగును. 'ది ఇన్నొసెంట్స్' పెద్దల కొఱకే, అదియు ఒంటరిగా రాత్రివేళ చూడకుండుట మేలు. హామరు, అమికస్ చిత్రములు పెద్దలలో సరదాపడువారికి తగును, పసివారికి ఎంతమాత్రము తగవు. ఇంగ్లండులోనే ఇట్టివానిలో పెక్కింటికి ఎక్స్ అను ముద్రవేసి పిల్లలను రానీయకుండిరి.

దేనిని చూచినను ఒక్క నిమిషము కథను విడిచి, వెలుగు ఏ వైపునుండి వచ్చుచున్నదో, ఏ మూలను చీకటిగా విడిచిరో గమనింపుడు. అచ్చట ఒక మనుష్యుని యిరువదేండ్ల శిష్యరికమును, పదునాఱేండ్ల యెడబాటును, ఆ యెడబాటులో నేర్చిన దానిని పాఱవేయక దాచుకొన్న వివేకమును కానవచ్చును.